తెల్లబట్ట, మంట ఉంటే హెచ్ఐవీ వచ్చేస్తుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 34 ఏళ్ళు. మాది పల్నాడులో ఒక పల్లెటూరు. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ కూడా అయిపోయింది. మా ఆయన లారీ డ్రైవరు. నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. రెండేళ్ళుగా నాకు తెల్లబట్ట అవుతోంది. వాసన, మంట. మా ఆయన వచ్చి వెళ్ళాక ఆ వాసన మరీ ఎక్కువ. ఊళ్ళో ఆరెంపీ గారు ఇచ్చే మాత్రలు వేసుకుంటే ఓ వారం తగ్గుతుంది, మళ్ళీ మామూలే. అందరూ వేడి చేసిందంటే సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్ళు తాగుతున్నాను. రెండు పూటలా పటిక నీళ్ళతో, ఒక్కోసారి డెట్టాల్ కలిపి లోపలిదాకా కడుక్కుంటాను. టౌన్లో ఒక ఆసుపత్రిలో చూపిస్తే గర్భసంచికి పుండు పడింది, తీసేస్తే పీడా పోతుందన్నారు. మొన్న ఫోన్లో ఎవరో పంపింది చదివాను. ఇలా వాపు, మంట ఉన్న ఆడవాళ్ళకు హెచ్ఐవీ తేలిగ్గా వస్తుందట. అప్పటినుంచి నిద్ర లేదు. నాకు వచ్చేసి ఉంటుందా? ఆయన్ని అడగాలంటే భయం. ఇంకో మాట, మా పాపకు పదమూడేళ్ళు. దానికీ తెల్లబట్ట కనిపిస్తోంది. నాలాగే కడుక్కోమని చెప్పాను. తప్పు చేశానా?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

సమాధానం: చెల్లెమ్మా, ముందు మీ నిద్ర సంగతి. తెల్లబట్ట హెచ్ఐవీని పుట్టించదు. మంట కూడా దాన్ని పుట్టించదు, వాపు కూడా పుట్టించదు. హెచ్ఐవీ ఒక వైరస్. అది ఉన్న మనిషి నుంచే ఇంకొకరికి రావాలి. మీ ఆయనకు హెచ్ఐవీ లేకపోతే, ఆయనతో కలవడం వల్ల మీకు అది రాదు, ఈ తెల్లబట్ట రెండేళ్ళు కాదు ఇరవై ఏళ్ళున్నా సరే. మీకు ఉందా లేదా అన్నది మాత్రం మీ ఉత్తరం చూసి నేను చెప్పలేను. లక్షణాలను బట్టి మీరూ తేల్చుకోలేరు. దానికి రక్తపరీక్ష ఒక్కటే దారి. అది ఎక్కడ, ఎలా అన్నది కింద రాస్తాను.

మీరు చదివింది అబద్ధమని మాత్రం అనను. అందులో సగమే మీ దాకా వచ్చింది.

యోని లోపలి గోడ అరటి బోదెలాగా పొరలు పొరలుగా ఉంటుంది. దాని మీద జిగురు. ఆ జిగురులో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. మన ఒంట్లోని చక్కెర పదార్థాన్ని తిని అది లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. అంటే మీ ఒళ్ళు తనంతట తానే అక్కడ పులుపు పెట్టుకుంటుంది. ఆవకాయలో పులుపూ ఉప్పూ సరిగ్గా ఉన్నంతకాలం బూజు పట్టదు కదా, ఇదీ అంతే. ఆ పులుపు తగ్గిన రోజున వేరే రకం బ్యాక్టీరియా పెరిగిపోతుంది. పలచటి తెల్లబట్ట, చేపల వాసన మొదలవుతాయి. మగవాళ్ళ వీర్యం పులుపుకు విరుగుడు లాంటిది కాబట్టి, కలిసిన తర్వాత ఆ వాసన ఎక్కువవుతుంది. మీరు రాసింది అచ్చంగా ఇదే. దీన్ని బ్యాక్టీరియల్ వెజినోసిస్ అంటారు. చూడకుండా తేల్చి చెప్పను గానీ, నా అనుమానం ముందు దాని మీదికే పోతుంది.

ఇక వాపు. కాలు బెణికినప్పుడు కంటికి కనిపించే వాపు కాదిది. మా భాషలో ఇన్‌ఫ్లమేషన్. సూక్ష్మజీవి చొరబడినా, రసాయనం తగిలి పొర ఒరుసుకుపోయినా అక్కడి కణాలు కేక పెడతాయి. ఆ కేకల్ని సైటోకైన్లు అంటారు. ఊళ్ళో అర్ధరాత్రి ‘దొంగ, దొంగ’ అని ఎవరైనా అరిస్తే అందరూ కర్రలు పట్టుకుని ఆ వీధికే పరుగెత్తుతారు. అలాగే తెల్లకణాలన్నీ ఆ చోటికి చేరతాయి. మామూలు దొంగకైతే అది మంచిదే. హెచ్ఐవీకి మాత్రం కావలసింది ఇంట్లో సొమ్ము కాదు, ఆ పరుగెత్తుకొచ్చిన కాపలావాళ్ళే. సీడీ4 అనే తెల్లకణాల్లో దూరి, అక్కడే అది తన సంతతిని పెంచుకుంటుంది. ఆ కణాలు తక్కువగా ఉన్నచోట చొరబడిన కాస్త వైరస్ దిక్కులేక నశించిపోవడమే ఎక్కువ. వాపు ఉన్నచోట దానికి గుమ్మంలోనే విస్తరి వేసినట్టవుతుంది. పైగా ఆ తోపులాటలో వెలువడే ఎంజైములు పొరలోని కణాలను అతికించి ఉంచే బంధాలను కోసేస్తాయి. గచ్చు రాలిపోయిన ఇటుకగోడ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇది ఊహాగానం కాదు. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నాటల్ అనే రాష్ట్రం ఉంది. వయసులో ఉన్న ఆడపిల్లలకు హెచ్ఐవీ సోకడం ప్రపంచంలోనే చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. అక్కడి డర్బన్ నగరంలో, వులిండ్లెలా అనే పల్లె ప్రాంతంలో కాప్రిసా అనే పరిశోధనా సంస్థ 889 మంది ఆడవాళ్ళతో ఒక అధ్యయనం చేసింది. టెనోఫోవిర్ మందు కలిపిన జెల్‌ను యోనిలో రాసుకుంటే హెచ్ఐవీ ఆగుతుందా అని చూశారు. 2010లో ఫలితం వచ్చింది. జెల్ వల్ల 39 శాతం మేర తగ్గింది. అందరూ సంతోషించారు, ఇంకా ఎక్కువ ఎందుకు తగ్గలేదని కూడా ఆలోచించారు. అప్పటికే దాచి ఉంచిన యోని ద్రవాల నమూనాలను తీసి చూస్తే, హెచ్ఐవీ సోకిన ఆడవాళ్ళలో చాలామందికి వైరస్ రాకముందు నుంచే ఆ సైటోకైన్ల గోల ఉంది. వాపు ఉన్నవాళ్ళకు హెచ్ఐవీ సోకే అవకాశం లేనివాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు. తర్వాత 2018లో ఇంకో లెక్క బయటపడింది. వాపు లేని ఆడవాళ్ళలో జెల్ 57 శాతం కాపాడింది. వాపు ఉన్నవాళ్ళలో 3 శాతం. అంటే రాసుకున్నా రాసుకోనట్టే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. ఇలాంటి వాపు ఉన్న ఆడవాళ్ళలో చాలామందికి పైకి ఏ బాధా ఉండదు. తెల్లబట్ట లేదు, దురద లేదు. మీకు కనీసం లక్షణం కనిపించి, ఉత్తరం రాయగలిగారు.

మూడు రెట్లు అన్న మాట విని మళ్ళీ భయపడకండి. హెచ్ఐవీ ఉండి మందులు వాడని మగవాడితో రక్షణ లేకుండా ఒకసారి కలిస్తే సోకే అవకాశం సగటున పదివేల సార్లకు 8 అని లెక్క. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో కాపురం చేసేవాళ్ళకు అది కూడుతూ పోతుంది, పుండ్లూ వాపూ ఉంటే ఇంకా పెరుగుతుంది. అసలు అవతలి మనిషికి వైరస్ లేకపోతే మాత్రం సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నానే.

ఇప్పుడు మీ పటిక సంగతి. ఈ ఒక్క విషయంలో మీరు నా మాట వినాలని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

చాలా ఏళ్ళ కిందట ఓపీలో నా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. కొంగు ముడి విప్పి పటిక ముక్క తీసి నా బల్ల మీద పెట్టింది. వాడీ వాడీ దాని అంచులన్నీ అరిగిపోయి నున్నగా కోడిగుడ్డులా అయింది. ‘పదేళ్ళ నుంచి రోజూ దీంతోనే శుభ్రం చేసుకుంటున్నానమ్మా, అయినా ఎందుకు తగ్గట్లేదు’ అని అడిగింది. పరీక్ష చేస్తే లోపలి పొర పొడిబారి, అక్కడక్కడా చెక్కుకుపోయి ఉంది. ఆ తల్లి పదేళ్ళూ తన కంచెను తన చేత్తోనే పీక్కుంటూ వచ్చింది. ఆమెకు ఆ మాట చెప్పిన వాళ్ళే లేరు.

పటిక పొరను బిగదీసి ఎండగడుతుంది. డెట్టాల్ లాంటి ద్రావణాలు చెడ్డ బ్యాక్టీరియాతో పాటు మంచిదాన్నీ చంపేస్తాయి, పొరను కాలుస్తాయి. మీ మంటలో కొంత భాగం దీనివల్లనే అయి ఉండొచ్చు. ఆఫ్రికాలో ఎన్నో దేశాల ఆడవాళ్ళ సమాచారం కలిపి చూసినప్పుడు, సబ్బుతో లోపల కడుక్కునేవాళ్ళకూ, లోపల గుడ్డతో తుడుచుకునేవాళ్ళకూ హెచ్ఐవీ ఎక్కువగా సోకినట్టు తేలింది. శుభ్రమనుకున్న పనే వైరస్‌కు దారి ఇస్తోంది. కాబట్టి లోపలికి ఏదీ వద్దు. వేపాకు నీళ్ళూ వద్దు, పసుపూ వద్దు, మెడికల్ షాపులో అమ్మే సువాసన వాష్‌లూ వద్దు. పెరుగు పెట్టుకోమని కొందరు చెబుతారు. పెరుగులో ఉండే బ్యాక్టీరియా, యోనిలో ఉండేదీ ఒక జాతివి కావు. అదీ వద్దు. బయటి భాగం మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపలిది తనను తాను కడుక్కుంటుంది.

సగ్గుబియ్యం జావ ఆకలికి మంచిదే, తాగండి. దీనికి మాత్రం అది మందు కాదు. తెల్లబట్టలో ఎముకలు కరిగిపోతాయని కూడా మన ఊళ్ళలో అంటారు. ఏ ఎముకా కరగదు.

గర్భసంచి తీయించుకోవడం గురించి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు బాధే. ‘పుండు’ అని చెప్పేది చాలాసార్లు పుండు కాదు. గర్భసంచి ముఖద్వారం లోపల ఉండాల్సిన ఎర్రటి పలచని కణాలు బయటి వైపుకు కాస్త విచ్చుకుని కనిపిస్తాయి. ఎంతోమంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళకు అలా ఉంటుంది. మీకు ఉన్నది అదేనని చూడకుండా ఎలా చెప్పను? తెల్లబట్ట కోసమైతే మాత్రం గర్భసంచి తీయాల్సిన పని లేదు. తీసేసినా యోని అక్కడే ఉంటుంది, దాని వాపూ అక్కడే ఉంటుంది, పటిక అలవాటు మానకపోతే మంటా అక్కడే ఉంటుంది. కలిసినప్పుడు రక్తం కనిపించినా, నెలసరుల మధ్యలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి. మీకు 30 దాటాయి కాబట్టి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పలచటి అసిటిక్ ఆమ్లం పూసి చూస్తారు. నొప్పి పెద్దగా ఉండదు, నిమిషాల పని.

ఎక్కడికి వెళ్ళాలి? మీ దగ్గరలోని ఏరియా ఆసుపత్రికో, జిల్లా పెద్దాసుపత్రికో వెళ్ళి సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఎక్కడని అడగండి. ఆ పేరు చెప్పడానికి మొహమాటమైతే ఆడవాళ్ళ ఓపీలో చీటీ తీసుకుని డాక్టరుతోనే చెప్పండి. లోపల పరికరం పెట్టి చూసి పరీక్షించమని అడగండి. చూడకుండా మాత్రలు రాయించుకోవడం వల్లనే మీకు రెండేళ్ళు గడిచిపోయాయి. ప్రభుత్వ క్లినిక్‌లో ఈ జబ్బులకు రంగురంగుల మందుల కిట్లు ఉంటాయి. యోనిలో ఇన్ఫెక్షన్‌తో తెల్లబట్ట అయితే ఆకుపచ్చ కిట్, అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ ఉంటాయి. గర్భసంచి ముఖద్వారంలో ఇన్ఫెక్షన్ ఉందనుకుంటే బూడిదరంగు కిట్. పొత్తికడుపులో నొప్పీ జ్వరమూ ఉంటే అది వేరే సంగతి, ఆ రోజే వెళ్ళాలి. డబ్బు కట్టనక్కరలేదు. ఇచ్చినవి ఇచ్చినట్టు పూర్తిగా వాడండి. వాసన తగ్గింది కదా అని రెండోరోజు ఆపేయకండి.

తగ్గి తగ్గి మళ్ళీ రావడానికి ఇంకో కారణం ఇటీవలే గట్టిగా తేలింది. బ్యాక్టీరియల్ వెజినోసిస్‌ను ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ జబ్బుగానే చూసి, ఆడవాళ్ళకే మందులిచ్చాం. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు భర్తకు లేదా భాగస్వామికి కూడా మాత్రలు, పూతమందు ఇచ్చి చూశారు. 12 వారాల్లో జబ్బు తిరగబెట్టింది, ఆడవాళ్ళు మాత్రమే మందు వాడిన జంటల్లో 63 శాతానికి, ఇద్దరూ వాడిన జంటల్లో 35 శాతానికి. ఈ సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి. ట్రైకోమోనాస్, గనోరియా లాంటి కలయిక వల్ల అంటుకునే జబ్బులు తేలితే మాత్రం భర్తకు వైద్యం తప్పనిసరి. అప్పటిదాకా కలవకుండా ఉండండి, లేదా కండోమ్ వాడండి.

కండోమ్ అనేసరికి ‘ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకెందుకు’ అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి ఏడుగురి దాకా ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. పిల్లలు పుట్టకుండా ఆపడం తప్ప కండోమ్‌కు వేరే పని ఉందని మనవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఆపరేషన్ అయిన ఇంట్లోకి అది మళ్ళీ అడుగుపెట్టదు.

అదే ఆసుపత్రిలో ఐసీటీసీ అని బోర్డు ఉంటుంది. హెచ్ఐవీ పరీక్ష అక్కడ ఉచితం. ముందు కౌన్సెలర్ మీతో విడిగా మాట్లాడతారు, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. మొదటి పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన ఉందని రాసివ్వరు, మూడు వేర్వేరు కిట్లతో చూశాకే నిర్ధారిస్తారు. లేదని వస్తే మూడు నెలలకు ఇంకోసారి చేయించుకోండి. కొత్తగా సోకినది బయటపడటానికి అంత సమయం పట్టొచ్చు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ ఫలితం మీ అనుమతి లేకుండా బయటివాళ్ళకు చెప్పకూడదు. ఊళ్ళో ఆశా అమ్మాయికి చెప్పేస్తారేమోనన్న భయం వద్దు. వెళ్ళేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఒకవేళ ఉందని తేలితే? ఆ రోజు కళ్ళు చీకట్లు కమ్ముతాయి, కాదనను. హెచ్ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. రోజూ వేసుకుంటూ రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే, ఆ మనిషి నుంచి భార్యకో భర్తకో సోకదు. నా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళలో పదిహేనేళ్ళుగా ఆ మందులు వాడుతూ మనవలను ఎత్తుకున్నవాళ్ళున్నారు.

ఇది చదివే వాళ్ళలో భర్తకు హెచ్ఐవీ ఉందని తెలిసిన ఆడవాళ్ళుంటే వాళ్ళకో మాట. కండోమ్ చిరిగిపోతేనో, బలవంతం జరిగితేనో 72 గంటల్లోపు ఆసుపత్రికి చేరితే 28 రోజుల మందులతో ఆపొచ్చు. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. ముందే వేసుకునే ప్రెప్ మాత్రలూ ఉన్నాయి. వెజినోసిస్ ఉన్న ఆడవాళ్ళలో కూడా మాత్రలు జెల్‌లా విఫలం కాలేదు. 2024లో ఇంకా మంచి కబురు వచ్చింది. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే లెనాకపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న దక్షిణాఫ్రికా, ఉగాండా ఆడపిల్లలు 2,134 మందిలో ఒక్కరికీ హెచ్ఐవీ రాలేదు. ఏడాదికి 40 డాలర్ల ధరకు దాన్ని 2027 నుంచి 120 దేశాలకు అందించే ఒప్పందాలు కుదుర్చుకున్న కంపెనీలు రెండూ మన హైదరాబాదువే, డాక్టర్ రెడ్డీస్, హెటెరో.

ఇక మీ ఆయన. తెల్లబట్ట ఉంది కాబట్టి ఆయన బయట తిరుగుతున్నాడని నిర్ణయించుకోకండి. వెజినోసిస్‌గానీ ఫంగస్‌గానీ దానికి సాక్ష్యం కాదు. లారీ డ్రైవర్ అన్నంత మాత్రాన కూడా కాదు. నిలదీసి అడిగితే గొడవ మిగులుతుందే తప్ప పరీక్ష జరగదు. ‘డాక్టరమ్మ నాకు పరీక్షలు రాసింది, నాకొక్కదానికే మందులిస్తే మళ్ళీ వస్తుందంట, నువ్వు కూడా రా’ అనండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. అన్నం తినేటప్పుడు కాదు, పిల్లల ముందు కాదు, మళ్ళీ బండి ఎక్కే ముందురోజు కూడా కాదు. ఇంటికి వచ్చి ఒకరోజు నిద్ర తీరాక చెప్పండి. రానంటే కౌన్సెలర్‌కు చెప్పండి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం వాళ్ళ పనే. చెయ్యి చేసుకుంటాడన్న భయం ఉంటే ఆయనతో ఏమీ అనకుండా ముందు మీ పరీక్ష మీరు చేయించుకోండి. 181 మహిళల హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మీ పాప. పెద్దమనిషి అయ్యే వయసులో, నెలసరి రావడానికి ముందూ తర్వాతా కాస్త తెల్లగా అవడం చాలామంది ఆడపిల్లలకు ఉండేదే. వాసన, దురద, పచ్చరంగు లేకపోతే అది జబ్బు కాదు, దాని ఒంట్లో ఆ పులుపు కంచె ఇప్పుడిప్పుడే కట్టుకుంటోంది. మీరు తెలియక చెప్పారు, తల్లిగా మంచికే చెప్పారు. ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని, నేను చెప్పింది తప్పమ్మా, బయట నీళ్ళతో కడుక్కుంటే చాలు అని చెప్పండి. స్నానాల గదిలో ఉన్న పటికను తీసి అవతల పారేయండి.